మీసాల నాగమ్మ మనవాడే

1940ల మొదట్లో బెజవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో నాటకం వేస్తున్నారు. తెలుగు శాఖకు పెద్ద విశ్వనాథ సత్యనారాయణ గారు. ఆడవేషానికి ఆయన ఎంచిన కుర్రాడు నిమ్మకూరు నుంచి వచ్చిన నందమూరి తారక రామారావు. వేషం వేస్తాను గానీ మీసం మాత్రం తియ్యనని కుర్రాడు భీష్మించాడు. చివరికి మీసంతోనే చీర కట్టి స్టేజీ ఎక్కాడు. కాలేజీ అంతా పడీపడీ నవ్వి ‘మీసాల నాగమ్మ’ అని పేరు తగిలించింది. అదే మనిషి 1963లో ‘నర్తనశాల’లో బృహన్నలగా తెరమీదికొస్తే జనం ఎగబడి చూశారు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీసి ఒక ముక్కకు ఆయన పేరే పెట్టారు. మా రెడ్డిగూడెం మండలం ఆ ముక్కలో ఉంది.

నేను ఈ మెట్ట ప్రాంతం హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. బృహన్నల కథ చెప్పినప్పుడల్లా ఏ పిల్లాడూ వెకిలిగా నవ్వలేదు. ఉత్తరకు నాట్యం నేర్పిన గురువు, ఉత్తరుడికి రథం తోలిన సారథి అని బుద్ధిగా రాసుకునేవాళ్లు. గంట కొట్టగానే వరండాలో మెల్లగా నడిచే ఇంకో పిల్లాణ్ణి చూసి అదే పిల్లలు ఈల వేసేవాళ్లు. ఈ రెండూ ఒకే బడిలో, ఒకే పూట జరిగేవి. నేను రాయాలనుకున్నది దీని గురించే.

ఆడవేషం కట్టిన మగవాళ్లకు మన ప్రాంతంలో కొదవ లేదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా వస్తే ఆయన చీరకట్టు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. గుడివాడ వైపు నుంచి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు గారు సినిమాల్లోకి రాకముందు నాటకాల్లో ఆడపాత్రలకే పేరు. ఇక కూచిపూడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఊళ్లో భాగవతుల ఇళ్లల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి పేరు మీద ఆచారం చెబుతారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను, ఉషను చూసినవాళ్లు ఆ పాత్రలో మగవాడున్నాడంటే నమ్మేవాళ్లు కాదు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఆచారం మీద హర్షిత కామత్ అనే పరిశోధకురాలు 2019లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. ఆవిడ గమనించిన సంగతి నాకు ముచ్చటేసింది: ఆ ఊళ్లో ఆడవేషం బాగా కట్టినవాడి మగతనం ఏమీ తగ్గదు, గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఇది చూసి మన పెద్దలు ఎంత ఉదారులో అని మురిసిపోనక్కర్లేదు. ఆడవాళ్లను స్టేజీ ఎక్కనివ్వకపోవడం వల్లే మగవాళ్లు ఆ వేషాలు కట్టారు. 1885లో మొదలైన సురభి వాళ్లు సొంత కుటుంబంలోని ఆడవాళ్లతో ఆడపాత్రలు వేయించి ఆ కట్టు తెంచారు. మిగతావాళ్లకు ఇంకా చాలాకాలం పట్టింది. అయినా ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మగవాడు చీర కడితే ఊరు మునిగిపోదని మన తాతలకు తెలుసు.

ఇప్పుడు బడికి వద్దాం. మామిడి తోటల మధ్య విసిరేసినట్టుండే మా పల్లెల్లో ఆరో తరగతి నుంచి పిల్లలంతా కలిసే చోటు హైస్కూలే. నలుగురిలో ఆడపిల్ల ఎలా మసలాలి, మగపిల్లాడు ఎలా మసలాలి అన్నది వాళ్లు అక్కడే నేర్చుకుంటారు. పుస్తకాల్లో ఆ పాఠం ఉండదు, సంబరాల్లో ఉంటుంది. పంద్రాగస్టుకు జెండా కర్ర పాతేది మగపిల్లలు, దాని చుట్టూ ముగ్గేసేది ఆడపిల్లలు. ఎమ్మెల్యే గారొస్తే బొట్టు పెట్టి హారతివ్వడం ఆడపిల్లల పని, కుర్చీలు మోయడం మగపిల్లల పని. ఎప్పుడు ఎవరు పెట్టారో తెలియని ఈ ఏర్పాటును హెడ్మాస్టర్లు మారినా, ప్రభుత్వాలు మారినా ఎవరూ కదిలించరు.

ఒక ఏడు సంక్రాంతి ముగ్గుల పోటీకి ఏడో తరగతి పిల్లాడొకడు పేరిచ్చాడు. వాళ్లమ్మకు నడుం నొప్పి. తెల్లారగట్ల ఇంటిముందు కళ్లాపి చల్లి ముగ్గేసేది వాడే. పదిహేను చుక్కల ముగ్గు చెయ్యెత్తకుండా లాగేవాడు. పోటీ చూసే మాస్టారు పేరు కొట్టేశారు. “బహుమతి వీడికొస్తే ఆడపిల్లల తల్లులు నా మీదికొస్తారండీ” అన్నారు. అంటే ముగ్గు బాగుంటుందని ఆయనకూ అనుమానం లేదన్నమాట!

ఈ సంబరాలన్నిటిలోకీ పెద్దది సెప్టెంబర్ 5. గురుపూజోత్సవం నాడు స్వపరిపాలన దినం. పదో తరగతి పిల్లలే టీచర్లు, వాళ్లే హెడ్మాస్టరు, డీఈవో, కలెక్టరు, వాళ్లే అటెండరు. పది రోజుల ముందు నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తారు, ఆడపిల్లలు చీర, మగపిల్లలు పంచె లేదా ప్యాంటు షర్టు అని. ఆ ముందురోజు రాత్రి ఊళ్లో ఎవరింట్లో పట్టుచీర ఉందో, ఎవరి జాకెట్టు ఎవరికి సరిపోతుందో అని పెద్ద హడావిడి. తెల్లారి చూస్తే పిన్నీసులతో బిగించిన చీరల్లో మెట్లెక్కలేక, మధ్యాహ్నం భోజనానికి కూర్చోలేక ఆ పిల్లలు పడే అవస్థ చెప్పనలవి కాదు. ముచ్చటపడి కట్టుకునేవాళ్లు ఎక్కువమందే, కాదనను. కూలికెళ్లే తల్లి తన పెళ్లి చీర కట్టి పంపి, గేటు దగ్గర నిలబడి కూతుర్ని చూసుకుని మురిసిపోవడం నేనెరుగుదును. ఆ ముచ్చట మీద నాకు తగువు లేదు. నా తగువల్లా ఆ కాగితం మీదే.

2018లో ఒక పిల్ల ఆ కాగితం మీద పేచీ పెట్టింది. తను కలెక్టరు వేషం వేస్తుందట, ప్యాంటు షర్టులో వస్తుందట. హెడ్మాస్టరు కుదరదన్నారు. మర్నాడు మళ్లీ వచ్చింది. “అయితే నాకు అటెండర్ ఇవ్వండి సార్. అటెండరుకి ఖాకీయే కదా, చీర అక్కర్లేదు కదా” అంది. స్టాఫ్ రూములో మేమంతా నవ్వాపుకోలేకపోయాం. కలెక్టరుగిరీ వదులుకుని, వాళ్ల మావయ్య ఖాకీ బట్టలు బిగించుకుని వచ్చి, రోజంతా గంట కొట్టింది. మగపిల్లలు ‘మగరాయుడు’ అని ఏడిపించారు. పట్టించుకుంటే కదా!

మర్నాడు సెప్టెంబర్ 6. ఆ రోజే సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు చెప్పింది. మరుసటి రోజు పేపర్లన్నిటిలో ఇంద్రధనుస్సు జెండాలే. లైబ్రరీ పీరియడ్లో పేపరు తిరగేసే పిల్లలు ఊరుకుంటారా! “టీచర్, మూడొందల డెబ్భై ఏడు అంటే ఏంటి?” అని ముందు బెంచీలోంచి ఒకడు అడిగాడు. వెనక బెంచీలో కిసకిసలు. సిలబస్ కొంచెం ముందుగానే నడుస్తోంది. సరే, మొన్నటి ఖాకీ సంగతీ, ఈ సంగతీ కలిపి మాట్లాడుకుందాం రమ్మన్నాను. బోర్డు మీద ‘బడిలో ఆడపని, మగపని అని ఉండాలా?’ అని రాశాను.

మొదటి పావుగంట బెంచీలు ఎవరు మోయాలన్న దాని గురించే సాగింది. ఆడపిల్లలకు బలం లేదని ఒకడు. పత్తి చేలో రోజంతా వంగి పత్తి తీసి, మూట నెత్తిన పెట్టుకుని వచ్చేది ఎవర్రా అని ఒక పిల్ల. మా ఊళ్లో పత్తి తీసే కూలి, మందు కొట్టే కూలి ఒకటి కాదని ఇంకొకడు లెక్క తీశాడు. నేను అనుకున్నదానికంటే లోతుకే వెళ్లారు. తర్వాత ఆ సెక్షన్ గురించి నాలుగు ముక్కలు చెప్పాను. 1860లో తెల్లవాళ్లు రాసిన శిక్షాస్మృతిలో అది ఉందనీ, 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని సడలిస్తే 2013లో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టిందనీ, ఇప్పుడు అయిదుగురు జడ్జీలు ఒకే మాట మీద ఆ తీర్పును తిప్పేశారనీ, పెద్దవయసు వచ్చిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉంటే, వాళ్లిద్దరూ మగవాళ్లయినా ఆడవాళ్లయినా, ఇక నేరం కాదనీ చెప్పాను.

“ఇది మన పద్ధతి కాదంటాడు టీచర్ మా తాత” అన్నాడొకడు.

“మరి ఆ చట్టం తెల్లోళ్లదంట కదా. అది మన పద్ధతా?” ఖాకీ పిల్ల ఊరుకోలేదు.

“చూసి నేర్చుకుంటారు టీచర్, అందుకే వద్దంటారు.”

దీనికి మాత్రం నేను జవాబు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల లేచింది. “అన్ని సినిమాల్లోనూ హీరో హీరోయిన్నే కదా టీచర్ ప్రేమించేది. అది చూసి నేర్చుకునేటట్టయితే వాళ్లు కూడా అట్నే అయ్యేవాళ్లు కదా” అని కూర్చుంది. జడ్జీలు వందల పేజీలు రాసిన విషయాన్ని మెట్ట పల్లె పిల్ల ఒక్క ముక్కలో చెప్పిందని ఇప్పటికీ నాకనిపిస్తుంది.

ఆ గంటంతా ఒకడు తలెత్తలేదు. వాడి గురించి చెప్పాలి. ఆ ఏడాది జనవరిలో వార్షికోత్సవానికి వాడు లేడీ గెటప్‌లో డాన్స్ చేశాడు. ఊళ్లో పెద్దలు ముందు వరసలో కూర్చుని ఈలలేశారు. సర్పంచి గారు స్టేజీ ఎక్కి జేబులోంచి నోటు తీసి చేతిలో పెట్టారు. ఆ రాత్రి వాడు హీరో. తెల్లారి సోమవారం బడికొచ్చేసరికి పేరు మారిపోయింది. ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’, ఇంకా నేను ఇక్కడ రాయలేని మాటలు. బాత్రూముకు ఒంటరిగా వెళ్లడం మానేశాడు. మంచినీళ్లు తాగడం కూడా తగ్గించేశాడని వాళ్లమ్మ నాతో చెప్పింది. పదో తరగతి పాసయ్యాడు. టీసీ తీసుకోవడానికి వాళ్ల నాన్న వచ్చాడు, వాడు రాలేదు.

వాడు గేనా కాదా అని నన్ను అడక్కండి. నాకు తెలియదు, నేను అడగలేదు, ఏ టీచరూ అడగకూడదు. అసలు ఇక్కడ జనం మూడు వేరు వేరు సంగతుల్ని ఒకే మూట కట్టేస్తున్నారు. స్టేజీ మీద చీర కట్టడం కళ. స్థానం వారు, అక్కినేని వారు చేసింది అదే. మగపిల్లాడిగా పుట్టినా మనసులో తనను ఆడపిల్లగానే ఎరగడం ఇంకో సంగతి, వాళ్లను ట్రాన్స్‌జెండర్ అంటున్నాం. మగవాడికి మగవాడి మీద, ఆడదానికి ఆడదాని మీద మనసు పోవడం మూడోది. మీసం మెలేసి బుల్లెట్టు నడిపేవాడు గే కావచ్చు. మెత్తగా మాట్లాడుతూ ముగ్గులేసేవాడు పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల తండ్రి కావచ్చు. నడకను బట్టి మనసు చెప్పే శాస్త్రం ఏదీ లేదు.

జబ్బేమో చూపిద్దామనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. స్వలింగ ప్రేమను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది రోగం కాదని స్పష్టంగా చెప్పింది. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారి ముందుకు ఇళ్లొదిలి వచ్చేసిన ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఈ విషయం తనకే సరిగ్గా తెలియదని ఒప్పుకుని, ఆయన సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకుని 2021 జూన్ 7న ఉత్తర్వు ఇచ్చారు. ‘మార్చేస్తాం’ అని చేసే వైద్యాలను ఆపమన్నారు. ఆ తర్వాత జాతీయ మెడికల్ కమిషన్ అలాంటి వైద్యం చేయడం డాక్టరుకు వృత్తి దోషమని చెప్పింది. జడ్జి గారంతటివాడు పాఠం చెప్పించుకున్నాడు. మనకేం తక్కువ?

చట్టం చాలా దూరం వచ్చింది, కొంత దూరం రాలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లకు గుర్తింపు ఇచ్చింది. 2019లో చట్టమొచ్చింది. ప్రభుత్వ గుర్తింపో, డబ్బో పొందే ప్రతి బడీ వివక్ష లేకుండా వాళ్లకు చదువు చెప్పాలని అందులో ఉంది. నిజాం కాలం నాటి 1919 చట్టం ఒకటి వాళ్లను పుట్టుకతోనే అనుమానితులుగా చూసేది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మోగ్లి వంటివాళ్లు కోర్టుకెక్కితే తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. మన దగ్గర 2024 జులై నుంచి ట్రాన్స్‌జెండర్ పింఛను నెలకు 4,000 రూపాయలు. పెళ్లి దగ్గర మాత్రం బండి ఆగింది. హైదరాబాద్‌లో కాపురముంటూ 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల మధ్య పెళ్లి వేడుక చేసుకున్న సుప్రియో, అభయ్ అనే ఇద్దరు మగవాళ్లు తమ పెళ్లిని గుర్తించమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబర్ 17న కోర్టు అది పార్లమెంటు తేల్చాల్సిందేనంది.

బడుల దగ్గరికొచ్చేసరికి ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా చూసుకోవాలో టీచర్లకు చెప్పే పుస్తకాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 2021లో తయారుచేసింది. ఆడ, మగ అని విడదీసి పనులూ ఆటలూ పెట్టడం తగ్గించండి, ఎవరైనా వాడుకోగలిగే బాత్రూములు పెట్టండి, యూనిఫాం విషయంలో పట్టు సడలించండి అని అందులో ఉంది. బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే రోజుల్లోనే వెబ్‌సైట్ నుంచి తీసేశారు. కేరళ కాస్త మొండిది. బాలుశ్శేరి ఆడపిల్లల ప్రభుత్వ హయ్యర్ సెకండరీ బడి 2021 డిసెంబర్‌లో ప్యాంటు షర్టు యూనిఫాం తెచ్చింది. కొన్ని సంస్థలు బయట ధర్నా చేశాయి. పిల్లలేమో బస్సెక్కడానికి హాయిగా ఉందన్నారు.

అమెరికాలో వీటిని కోర్టుల్లో తేల్చుకుంటారు. అక్కడ హైస్కూలు చివర్లో ‘ప్రామ్’ అని పెద్ద డాన్సు పండగ. అబ్బాయి సూటు, అమ్మాయి గౌను, జంటగా రావడం ఆనవాయితీ. 2010లో మిసిసిపీ రాష్ట్రంలో కాన్‌స్టన్స్ మెక్‌మిలన్ అనే అమ్మాయి తన స్నేహితురాలితో, తాను సూటు వేసుకుని వస్తానంటే, బడి వాళ్లు ఏకంగా ప్రామ్‌నే రద్దు చేశారు. ఆ పిల్ల హక్కులకు భంగం కలిగిందని జడ్జి చెప్పాడు. చివరికి 35,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నారు. మన తెలుగు పిల్లలు వేలల్లో ఆ బడుల్లోనే చదువుతున్నారు. టెక్సాస్‌లో ఉన్న మా బంధువుల ఇంట్లో వేసవిలో ఓణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ కట్టారు, శీతాకాలంలో అదే పిల్ల క్లాసులో ఈ సంగతుల మీద చర్చ. ఆ పిల్ల రెండిట్లోనూ హాయిగానే ఉంది. ఇబ్బందల్లా వాళ్ల నాన్నకే.

నాన్నల భయం నేను కొట్టిపారెయ్యను. మా ఊళ్లల్లో పొలం, పరువు, చెల్లెలి పెళ్లి అన్నీ ఒకే తాటికి కట్టి ఉంటాయి. టీసీకి వచ్చిన ఆ తండ్రి నాతో “మీ బళ్లోనే స్టేజీ ఎక్కించారు గదమ్మా, ఇప్పుడు వాణ్ణి అనేవాళ్లను మీరు ఆపలేరా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. లేడీ గెటప్ వేయించి చప్పట్లు కొట్టిన బడికి, ఆ తర్వాత రోజు వాడి వెంట నిలబడే బాధ్యత లేదా? తమిళనాడులో యునెస్కో 371 మంది ఇలాంటి యువతీ యువకులను అడిగి 2019లో నివేదిక ఇచ్చింది. హైస్కూలు రోజుల్లో నూటికి అరవై మంది దాకా దెబ్బలు తిన్నవాళ్లే. దాదాపు మూడోవంతు మంది ఆ వేధింపు వల్లే చదువు ఆపామన్నారు. మన దగ్గర వేరుగా ఉంటుందనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

ఖాకీ పిల్ల తర్వాత ఏడాది ఆ హెడ్మాస్టరు కాగితం మీద మాట మార్చారు. ‘శుభ్రమైన దుస్తులు’ అని మాత్రమే రాయించారు. ఎక్కువమంది చీరల్లోనే వచ్చారు, నలుగురైదుగురు చీర కట్టలేదు, బడి నడిచింది. ఆయన బదిలీ అయ్యాక పాత కాగితమే మళ్లీ గోడెక్కింది. మన బడుల్లో ఇలాంటివన్నీ హెడ్మాస్టరు మంచితనం మీద ఆధారపడి నడుస్తున్నాయి. అది చాలదు.

ఇది చదివే హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రుల కమిటీల వాళ్లకు నా మనవి ఒక్కటే. ఈసారి సెప్టెంబర్ 5 కాగితంలో ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి అని రాయకండి. ముగ్గుల పోటీ పెడితే పేరిచ్చిన పిల్లాణ్ణి కొట్టెయ్యకండి. వరండాలో ‘తేడా’ అని వినపడితే కులం పేరు పెట్టి తిట్టినప్పుడు ఎలా ఆపుతారో అలాగే ఆపండి. పిల్లలు ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతుంటే టెలీ మానస్ నంబరు 14416, పిల్లల హెల్ప్‌లైన్ 1098. రెండూ ఉచితం. నోటీసు బోర్డు మీద రాయాల్సింది ఆ రెండు నంబర్లు.